మోటారు వైరులో అక్కయ్య పాట

మొన్న గుంటూరులో కారు స్పీకర్లు అమ్మే కొట్లో నా ముందు నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, "వైరుదేముందయ్యా, ఏదో ఒకటి పడెయ్. స్పీకరు మాత్రం పెద్దది కావాలి" అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు, ఆయన కారుతో నాకు పనీ లేదు. అయినా అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏదో ఒకటేంటండీ! పాటంతా ఆ వైరులోంచే కదా రావాలి!" అని అరిచేశాను. కొట్లో వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. కొనాల్సింది కొనకుండానే బయటికొచ్చి, పక్కనే బండి మీద సోడా తాగి, కాసేపు అక్కడే నిలబడ్డాను. పాపం, మా బావ మీద కోపం తీసుకెళ్ళి ఆయన మీద కుమ్మరించాను.

మా బావది పొదిలి దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాడు. చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు, నేనూ అనను. కాకపోతే పట్టిన పట్టు విడవడు. ఆ ఊళ్ళో బోరు మోటారుకి వేయగా మిగిలిన వైరు ముక్కని పారేయడమంటే మహాపాపం. బట్టలారేసే దండెం అదే, పశువుల పాకలో బల్బుకి అదే, గేటు గొళ్ళెం ఊడితే కట్టేదీ అదే. మా బావ దృష్టిలో లోకంలో వైరంటే అదొక్కటే, అది ఎంత లావుంటే అంత గొప్పది. అక్కయ్యకి గొంతులో గడ్డ లేచి ఆపరేషనయ్యాక, డాక్టరుకి చూపించడానికి మాటిమాటికీ గుంటూరు రావాల్సొచ్చి, పాత కారొకటి కొన్నాడు. దాంట్లో కొత్త స్పీకర్లు బిగించి, డిక్కీలో ఆంప్లిఫయరు కూడా పెట్టించాడు.

అవి అక్కయ్య అడిగినవే. పెళ్ళయి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది తనే. తను మొదలుపెడితే వెనక బెంచీల్లో కునికేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. ఆపరేషన్ తర్వాత మిగిలింది గుసగుస ఒక్కటే. వంటింట్లోంచి పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొడుతుంది. తన పాటల్లో మిగిలింది కూడా ఒక్కటే. ఒక ఎండాకాలం వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తూ పాడుకుంటుంటే మా మేనకోడలు ఫోనులో రికార్డు చేసింది. ఆ చిన్న ఫోనులో వింటే పాట అగ్గిపెట్టెలోంచి వచ్చినట్టుండేది. "నిండుగా ఒక్కసారి వినాలనుందిరా" అని నా చెవి దగ్గరకొచ్చి చెప్పింది.

కారులో ముందున్న సెట్టు నుంచి డిక్కీలోని ఆంప్లిఫయరు దాకా పాటని మోసేది ఒక వైరు. దాంట్లో పారే కరెంటు మహా పల్చన. పక్కన ఏ పెద్ద వైరున్నా దాని రొదంతా ఇందులోకి ఎక్కేస్తుంది. అందుకే లోపలి సన్నని తీగ చుట్టూ రాగి తీగలతో జల్లెడలా అల్లిక వేస్తారు. పెళ్ళిళ్ళకీ సభలకీ మైకుసెట్లు అద్దెకిచ్చి బతికినవాణ్ణి, ఇది నాకు తెలుసు. బిగించిన మనిషి కూడా అలాంటిదే తెచ్చాడట. మా బావ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "పురికొసలాగుంది, ఇదేం వైరు" అని పక్కన పెట్టించి, మోటారు వైరు ముక్కకి పిన్నులు అతికించి వేయించాడు. అక్కడితో ఊరుకున్నాడా? బ్యాటరీ నుంచి డిక్కీకెళ్ళే వైరునీ దీన్నీ జంటగా టేపు చుట్టించి, కాళ్ళ కింది మ్యాటు లోపలినుంచి తీసుకెళ్ళాడు. "ఒక్క వైరు కనబడితే చెప్పరా బామ్మర్దీ" అని గర్వంగా చూపించాడు. ఇంటి ముందు ఇంజను ఆపి హోరెత్తే పాటేదో పెడితే బాగానే మోగింది.

ఆ మర్నాడే గుంటూరు ప్రయాణం. బయల్దేరుతూనే అక్కయ్య పాట పెట్టారు. కారు కదిలిందో లేదో చెవిలో దోమ దూరినట్టు కుయ్యిమని ఒక కూత. బావ ఎక్సలేటరు తొక్కేకొద్దీ అదీ పైకి లేస్తోంది. పాట దాని కింద నలిగిపోతోంది. నేను నోరు తెరిచేలోగా మా బావ తీరిగ్గా, "రికార్డు చేసేనాటికే గడ్డ లేస్తా ఉండుంటుందిరా. ఆ కూత మీ అక్క గొంతులోదే" అన్నాడు. అక్కయ్య కిటికీ వైపు తిరిగిపోయింది. కాసేపయ్యాక వెనక్కి వంగి నాతో, "నా గొంతు ఎప్పుడూ ఇంతేనేమోరా. నా మొహం చూసి బాగుందనేవాళ్ళేమో" అంది. ఆ మాటకి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గొంతు ఎలాగూ పోయింది, ఒకప్పుడు ఉండేదన్న నమ్మకం కూడా ఈయన మోటారు వైరుకి బలైపోతోంది!

డాక్టరు దగ్గర పని కాగానే కారుని ఒక స్పీకర్ల కొట్టు ముందు ఆపించాను. అక్కడా యుద్ధమే. మా బావ బొటనవేలంత లావున ఎర్రగా మెరిసే వైరు పట్టుకుని వదలడు. "లావంతా పైన రబ్బరే బావా! లోపల అల్లిక చూడు, ఎంత ఎడంగా ఉందో!" అని ముక్క కోయించి చూపించాను. నేను ఎంచింది సన్నదే, కానీ అల్లిక దట్టంగా ఉంది, పిన్ను బిగుతుగా కూర్చుంటోంది. పొడుగు కూడా కారుకి సరిపడా, చుట్టలు చుట్టి దాచే పని లేకుండా.

"నాలుగెకరాలు తడిపే మోటారుకి పనికొచ్చిన వైరు పాటకి పనికిరాదా?" అన్నాడు.

"పాటతో పొలం తడుపుతావా? నోరు మూసుకుని పక్కన నిలబడు" అన్నాను. బావని అంత మాట అనడం అదే మొదటిసారి. బ్యాటరీ వైరు కుడివైపు నుంచి వెళుతుంటే, కొత్తదాన్ని ఎడమవైపు నుంచి వేయించాను.

చిలకలూరిపేట దాటాక పాట పెట్టాను. కూత లేదు. అక్కయ్య గొంతు కారంతా నిండింది. ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది, తొడిమ తుంచిన చప్పుడు కూడా వినిపిస్తోంది. అక్కయ్య రెండు చేతులతో నోరు మూసుకుంది. రెండో చరణం మధ్యలో, ఇంట్లో ఎక్కడో లోపలి నుంచి, ఫోనులో ఎన్నడూ వినబడని మగగొంతు ఒకటి వచ్చింది.

"ఏమే, ఆపింక! పొద్దస్తమానం ఏంటా గోల? వచ్చి అన్నం పెట్టు!"

మా బావదే. కారు నెమ్మదించింది. నేను తిట్టడానికి నోరు తెరిచాను, కానీ రికార్డు ఆగలేదు. పాట ఒక్క క్షణం తెగి, వెంటనే ఇంకో మెట్టు పైనుంచి అందుకుంది. బావ రోడ్డు వైపే చూస్తున్నాడు. అక్కయ్య అతని భుజం తట్టి, గొంతులో ఉన్న గాలంతా కూడదీసుకుని, "నేనాపలేదు" అంది.

ఇప్పుడు పొలం నుంచి రాగానే మా బావ కారులో కూర్చుని అదే పాట వింటున్నాడట. ఆ గొంతు ఉన్నన్నాళ్ళూ దొరకని తీరిక ఈయనకి ఇప్పుడెక్కడ దొరికిందో తలుచుకుంటే, నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.