ఘాటు రాని మిరపకాయలు

దయ్యాలు, దిష్టి అంటే నాకు నవ్వొస్తుంది. మార్చురీ పక్క గదిలో కూర్చుని పెరుగన్నం తిన్నదాన్ని నేను. హనుమకొండలో ఒక ల్యాబులో పాథాలజిస్టును. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెప్పడం నా పని.

వర్ధన్నపేట దగ్గరి ఊళ్లో లత అనే అమ్మాయికి తల్లి రాజవ్వ తన కిడ్నీ ఇచ్చింది. పిల్ల కోలుకుంటోంది అనుకునేలోపే ముక్కు మూసుకుపోయి, కన్ను వాచింది. బ్లాక్ ఫంగస్ ఏమోనని సర్జన్ భయం. అదే అయితే మర్నాడే కన్ను తీసెయ్యాలి. సైనస్‌లోంచి తీసిన ముక్క నా దగ్గరికొచ్చింది.

పొద్దుటి నుంచి గాలించాను. ఫంగస్ కనపడలేదు. కనపడనంత మాత్రాన లేదని చెప్పలేం కదా. పోయేది చిన్న పిల్ల కన్ను. అవతల సర్జన్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గదినిండా ఎండుమిరపకాయలు మాడిన ఘాటు. నాకు ఒకటే దగ్గు. టెక్నీషియన్ రమేశ్ కళ్లు తుడుచుకుంటూ, "పోపు ఎవలు మాడవెట్టిన్రు మేడం?" అని బయటికి ఉరికాడు. బయట ఏ వాసనా లేదు. మాది ఏసీ గది, కిటికీలు తెరవం. ఆ బిల్డింగులో వంటగదే లేదు.

దగ్గులో నా చెయ్యి తగిలి స్లైడు కదిలింది. మళ్లీ చూస్తే ఓ మూల రెండు మూడు కణాలు, పక్కవాటికన్నా బాగా పెద్దవి, నడుమ గుడ్లగూబ కన్నులాంటి మచ్చతో. వైరస్ సోకిన కణాలు అలాగే మారతాయి. నా ధ్యాసంతా ఫంగస్ మీదే ఉండి వాటిని దాటేసినట్టున్నాను. వైరస్‌ను పట్టే ప్రత్యేక పరీక్షా అదే చెప్పింది. ముక్కను ఇంకా లోతుగా కోయించి చూసినా ఫంగస్ లేదు. ఆపరేషన్ ఆపి వైరస్ మందు మొదలుపెట్టారు. వాపు దిగింది. ఆ కబురు విన్న సాయంత్రం నేను ఏడ్చాను.

మా దగ్గరికి రోగులు రారు. రాజవ్వ మాత్రం బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది.

"రేపు కన్ను తీస్తమన్న దినం మధ్యాన్నం ఇంటికి పోయి దిష్టి తీసిన మేడం. దవాఖానల మంట వెట్టనియ్యరు గద. బిడ్డ చున్నీకి దిప్పి, పిరికెడు మిరపకాయలు పొయ్యిలేసిన. జర గూడ ఘాటు రాలే. ఒక్కలు గూడ దగ్గలే. గంత దిష్టి ఉన్నది నా బిడ్డకు!"

మిరపకాయలు మాడినా ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టని మనవాళ్ల లెక్క.

"పాత మిరపకాయలేసి ఉంటవ్ అమ్మా," అని లత రెండు కళ్లతోనూ నవ్వింది.

ఇంకెప్పుడైనా అయితే నేనూ అదే అనేదాన్ని. ఆ మధ్యాహ్నం మా గదిలోకి వచ్చిన ఘాటు ఎవరి పొయ్యిలోదో ఇప్పటికీ చెప్పలేను.