తెల్లది పైకి కట్టిన జెండా

నేను ఖతర్‌లో డ్రైవరుగా ఉన్న ఏళ్ళలో దోహాలో నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు. ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పెట్టారు. ముషైరిబ్ దగ్గర మెట్రో గొయ్యి చుట్టూ రేకులు పాతి, పొద్దున ఎడమకి తిప్పిన దారిని సాయంత్రానికి కుడికి తిప్పేవాళ్ళు. ఫోన్‌లోని మ్యాపును నమ్ముకుంటే నేరుగా గోతిలోకే. దాన్ని నేను తిట్టని రోజు లేదు. ఇప్పుడు కడప జిల్లాలో సొంత కారు నడుపుకుంటూ, ఒక్క డైవర్షన్ బోర్డు కూడా లేని రోడ్ల మీద పోతుంటే ఆ తిట్లన్నీ తీయగా గుర్తొస్తాయి.

అప్పట్లో నేనొక ఫుట్‌బాల్ క్లబ్బులో పనిచేసేవాణ్ణి. అంతకుముందు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటుకి షిఫ్టు బస్సు నడిపాను. బస్సు పోయి కారు వచ్చిందని ఇంటికి ఫోన్ చేస్తే, మా ఆవిడ "నా మొగుడికి కువైట్‌లో ప్రమోషనొచ్చింది" అని వీధంతా చెప్పుకుంది. మా వైపు గల్ఫ్ అంటే కువైటే. బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన నా స్నేహితుడొకడు ఉండేవాడు. వాళ్ళ ఊళ్ళో లెక్క ప్రకారం వాడు దుబాయ్‌లో ఉన్నాడు. కువైట్‌లో ఉన్న నేనూ దుబాయ్‌లో ఉన్న వాడూ ప్రతి శుక్రవారం ఖతర్‌లో ఒకే కంచం ముందు కూర్చుని నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు క్లబ్బు తెచ్చుకున్న విదేశీ ఆటగాళ్ళలో ఒకాయనది ఎస్టోనియా. ఆ పేరు గల దేశం ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడానికి వెళితే, పెద్ద పెట్టెను నిశ్చింతగా బండి మీద వదిలేసి, ఒక చిన్న సంచీని మాత్రం చంకలోంచి తియ్యకుండా వచ్చాడు. అందులో బూట్లున్నాయట. పెట్టె పోతే బట్టలు ఏ దేశంలోనైనా దొరుకుతాయి, పాదాలకి అలవాటైన బూట్లు దొరకవన్నాడు. ఎక్కడికి బయలుదేరినా ముందు సర్దేది అవేనట.

క్లబ్బులో ఆటగాళ్ళందరినీ అరబ్బుల పద్ధతిలో "కాప్టెన్" అనే పిలిచేవాళ్ళం. నేనూ అలాగే పిలిచాను. నా ఇంగ్లీషు ఎంత వంకరో ఆయన ఇంగ్లీషూ దాదాపు అంతే వంకర, అందుకే మాకు త్వరగా కుదిరింది. మిడ్‌ఫీల్డర్ అంటే ఏం పని కాప్టెన్ అని అడిగాను. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకి ఇవ్వడమట. గోల్ కొడితే పేరు ముందువాడికి, గోల్ పడితే తిట్లు తనకి. ఇదేదో మా సూపర్‌వైజర్ ఉద్యోగంలా ఉందే అనుకున్నాను.

ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా ఆయన ఒక్కో దేశం చెప్పేవాడు. మీసం సరిగ్గా రాకముందే ఇల్లు వదిలాడు. నార్వేలో మంచు ఊడ్చి ఆడాడు. పోలండ్‌లో ఇంటి ఓనరమ్మ దుంపల పులుసు పెట్టి కొడుకులా చూసుకుంది. కజకిస్తాన్‌లో పక్క ఊరి మ్యాచ్‌కి కూడా విమానం ఎక్కాల్సి వచ్చేది. సైప్రస్, థాయిలాండ్ కూడా తిరిగాడు. ఎక్కడా రెండేళ్ళకి మించి లేడు. అగ్రిమెంటు ఎక్కడుంటే అక్కడికి. వింటూ వింటూ నేను అద్దంలో ఆయన మొహం చూశాను. తెల్లగా ఉన్నాడని, పెద్ద జీతమని మోసపోయాను గానీ, ఈయన కూడా మా బాపతు మనిషే.

వేడంటే ఆయనకి ప్రాణం. వాళ్ళ దేశంలో కట్టెలు కాల్చి, చెక్క గదిలో కూర్చుని మరీ చెమట పట్టించుకుంటారట. ఒకసారి నడి ఎండాకాలంలో ఏసీ ఆపమని బతిమాలాడు. కాసేపటికే ఇద్దరం కుక్కర్లో పప్పులా ఉడికాం. నేను కోపంగా అద్దం దించితే ఆయన కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. ఇంకోసారి వాళ్ళావిడ పంపిందని బొగ్గులాంటి నల్ల రొట్టె ముక్క పెట్టాడు. నోట్లో వేసుకుంటే మా రాగి సంగటి గుర్తొచ్చింది. మరుసటి శుక్రవారం నేను సంగటి చేసి తీసుకెళ్ళాను. ముద్దని అటూ ఇటూ తిప్పి చూసి, మొత్తం తిన్నాడు.

ఆయన ఫ్లాటులో ఒక చిన్న గది ఉండేది. వచ్చిన కొత్తలోనే ఆ గదికి పచ్చ రంగు వేయించాడు, పిల్లల మంచం కొన్నాడు. ఆ మంచం ముక్కల్ని పైకి మోసింది నేనే, బిగించింది మేమిద్దరం. ఆరేళ్ళ కూతురికోసం. ఆ పిల్ల పుట్టినప్పటినుంచి ఆయన ఏ దేశంలో ఉంటే తల్లీ కూతుళ్ళు ఆ దేశం కాకుండా ఇంకోచోట ఉన్నారు. ఈసారి క్లబ్బు ఇంకో ఏడాది పొడిగిస్తే, ఎండాకాలం అయ్యాక ఇద్దరూ దోహాకి వచ్చేస్తారు, బడి కూడా చూసి పెట్టుకున్నాడు. ఖతర్‌లో పెళ్ళాం బిడ్డలు దగ్గర లేని మగవాడిని, వాడికి ఎంతమంది పిల్లలున్నా, బ్యాచిలర్ అనే అంటారు. నేను అలాంటి బ్యాచిలర్‌నే, ఇంటర్ చదివే కూతురున్న బ్యాచిలర్‌ని. అందుకే ఆ గది తలుపు ఎప్పుడు చూసినా నాకు గుండె బరువెక్కేది. దుమ్ము పడకూడదని ఆ తలుపు మూసే ఉంచేవాడు.

సీజన్ నడిమధ్యలో కోచ్ మారాడు. కొత్త కోచ్‌కి కుర్రకాళ్ళు కావాలి. మా కాప్టెన్ బెంచీ మీదికి చేరాడు. ఆడనివాడికి పొడిగింపెవరిస్తారు?

ఈ సంగతి క్యాంపులో నా స్నేహితుడికి చెప్పాను. వాడు స్టేడియం పనిలో స్కాఫోల్డింగ్ కట్టేవాడు. అంతకుముందు ఊళ్ళో దర్జీ. మంచం కింద కుట్టుమిషను పెట్టుకుని డ్యూటీ అయ్యాక అందరూ పనిలో తొడుక్కునే నీలం కవరాల్స్‌కి అతుకులు వేసేవాడు. కాప్టెన్ ప్రపంచ కప్పు ఆడతాడని వాడి నమ్మకం. తాను కడుతున్న స్టేడియంలో మనకు తెలిసిన మనిషి ఆడతాడని గదిలో అందరికీ చెప్పి పెట్టాడు. వాళ్ళ దేశం ఎప్పుడూ ప్రపంచ కప్పు దాకా రాలేదని, వాళ్ళ దేశం మొత్తం జనం మా జిల్లా జనమంత కూడా ఉండరని కాప్టెన్ నాతో అన్న మాట చెప్పాను. వాడు మంచం కింది కుట్టుమిషను ముందుకి లాగాడు.

"అయితే ఏందన్నా, గీ సీజన్ల ఆఖరి మ్యాచే ఆయనకు వరల్డ్ కప్పు అనుకుందాం. జెండా కుడ్తా" అన్నాడు.

సూక్ బజారులో బ్రెజిల్, అర్జెంటీనా, జర్మనీ జెండాలు గుట్టలుగా ఉన్నాయి. ఎస్టోనియా అంటే అంగడివాడు "మాఫీ" అని, లేదన్నట్టు చెయ్యి ఊపాడు. స్నేహితుడు పాత కవరాల్ విప్పి నీలం తీశాడు. ఆడవాళ్ళ అబాయాలు కుట్టే దుకాణంలో మిగిలిన నల్ల గుడ్డ అడిగి తెచ్చాడు. తెలుపు, అరబ్బు మగవాళ్ళు తొడుక్కునే చిరిగిన తోబ్ ఒకదాని నుంచి వచ్చింది. రెండేసి కుట్లు వేసి, దుప్పటంత జెండా తయారు చేశాడు. కవరాల్ గుడ్డ కదా, మోయడానికి బరువుగా ఉంది.

లీగ్ మ్యాచ్‌లకి జనం పలచగా వచ్చేవాళ్ళు. ఖాళీ కుర్చీలు కనపడకూడదని క్యాంపుల నుంచి బస్సుల్లో మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. బిర్యానీ ప్యాకెట్ ఇచ్చేవాళ్ళు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ముందు నిలబడ్డ ఒకతను చెయ్యెత్తి చూపేవాడు. మావాళ్ళు అలా చాలా మ్యాచ్‌లు చూశారు, ఎవరు గెలిచారో అడిగితే మాత్రం చెప్పలేరు. ఆ సీజన్ ఆఖరి మ్యాచ్‌కి కూడా అదే బస్సులో వచ్చారు. కాకపోతే ఈసారి జెండా తెచ్చుకున్నారు, నేనూ వాళ్ళ మధ్యే కూర్చున్నాను.

రెండో సగంలో బెంచీ వాళ్ళని ఒళ్ళు వేడెక్కించుకోమని పంపారు. కాప్టెన్ గీత పక్కన పరిగెడుతూ మా ముందుకి వచ్చాడు, రెయిలింగుకి కట్టిన జెండా చూసి ఆగిపోయాడు. తర్వాత రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి చూపించాడు. ఆటగాణ్ణి మార్చేటప్పుడు చేసే సైగ అదేనని మావాళ్ళకి తెలుసు. తాను లోపలికి వస్తున్నానని చెప్తున్నాడనుకుని, బస్సు బస్సంతా లేచి అందరూ అలాగే చేతులు తిప్పడం మొదలుపెట్టారు. కాప్టెన్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నవ్వాడు. చప్పట్ల మనిషి కూర్చోమని సైగ చేశాడు, ఎవరూ కూర్చోలేదు. "కాప్టెన్" అని ఒకటే కేక. కోచ్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మా అరుపుకే పంపాడని నేను ఇప్పటికీ వాదిస్తాను.

కొద్దిసేపే ఆడాడు. పరుగు తక్కువ. బంతి వచ్చిందంటే ఒక్కసారి తాకి, ఖాళీగా ఉన్నవాడికి ఇచ్చేసేవాడు. అప్పటిదాకా గజిబిజిగా ఉన్న ఆట ఆయన చుట్టూ సర్దుకుంది. నాకు ఫుట్‌బాల్ రాదు, కానీ పని వచ్చిన మనిషి పని చేస్తుంటే తెలుస్తుంది.

నా స్నేహితుడు చెవిలో అన్నాడు: "మన లెక్కనే అన్నా. వచ్చింది వచ్చినట్టే పంపిస్తుండు."

మ్యాచ్ అయ్యాక ఆ సైగకి అర్థం కారులో తెలిసింది. జెండా తిరగేసి కట్టారట. నీలం పైన ఉండాలి, తెలుపు కింద. నేను స్నేహితుడికి ఫోన్ చేసి అడిగితే, తెల్లది కింద ఉంటే రెయిలింగు దుమ్ముకి మాసిపోతుందని పైకి కట్టానన్నాడు. నేను ఆ మాట కాప్టెన్‌కి చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. తన చిన్నప్పుడు సోవియట్ పాలనలో ఆ జెండా ఎగరేయడం నేరమని, అమ్మమ్మ దాన్ని అటక మీద మూటలో దాచిందని చెప్పాడు. ఇన్ని దేశాల్లో ఆడాను, నాకోసం ఈ జెండా కుట్టినవాళ్ళు లేరన్నాడు. హారన్ కొట్టాల్సిన అవసరం లేకపోయినా కొట్టాను.

వారం తిరక్కుండానే క్లబ్బు ఆఫీసులో టీ ఇచ్చి, మర్యాదగానే ఖలాస్ అన్నారు. పొడిగింపు లేదు. నాకైతే మంచం బిగించిన చేత్తోనే విప్పడం ఏడుపు తెప్పించింది. కింది ఫ్లాటులోని కుటుంబానికి ఇచ్చేశాం. అప్పుడే ఏజెంటు ఫోన్లు మొదలయ్యాయి. ఇంకో దేశంలో ఇంకో క్లబ్బు, ఒక్క ఏడాది. విమానం ఎక్కే లోపల మాట చెప్పాలట. ఆ సాయంత్రం ఆయన కారులో భార్యతో చాలాసేపు మెల్లగా మాట్లాడాడు. వాళ్ళ భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా ఆ మాట నాకు తెలుసు. ఇదొక్క అగ్రిమెంటే అని మా ఆవిడకి నేను ఎన్నిసార్లు చెప్పానో, అచ్చం అదే గొంతు.

వెళ్ళే రోజు నా స్నేహితుడు వచ్చి, మా గల్ఫ్ పద్ధతిలో అట్టపెట్టె సర్ది, తాడు బిగించి కట్టాడు. జెండా మడిచి అన్నిటికన్నా పైన పెట్టాడు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో పెట్టె బరువు ఎక్కువైంది. ఏదో ఒకటి తీయాలి. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాకు అలవాటే, బరువైనది తీసి సాగనంపడానికి వచ్చినవాడి చేతిలో పెట్టడం. నేను తాడు విప్పి జెండా తీశాను. నా దగ్గర ఉంచుతాను కాప్టెన్, ఎవరైనా వెళ్ళేటప్పుడు పంపిస్తానన్నాను.

ఆయన జెండా తీసుకున్నాడు. చంకలోని సంచీ నేలమీద పెట్టి, జిప్పు తెరిచి, బూట్లు తీసి నా చేతుల్లో పెట్టాడు. ఖాళీ అయిన సంచీలో జెండా కుక్కి, జిప్పు లాగాడు.

"మరి ఏజెంటుకి ఏం చెప్తారు కాప్టెన్?" అన్నాను.

"ఇప్పుడే చెప్పాను కదా" అన్నాడు. నన్ను కౌగలించుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నాకు ఆయన మీద అసూయ కలిగింది. పార్కింగులో బూట్లు ఒళ్ళో పెట్టుకుని, కారు తియ్యబుద్ధి కాక కూర్చుండిపోయాను. తర్వాత నేను ఇంకో అగ్రిమెంటు సంతకం పెట్టాను, ఇదొక్కటే అని ఇంటికి చెప్పాను. బూట్లు బీరువా మీద అలాగే ఉన్నాయి. వాటిని తుడిచినప్పుడల్లా ఆ పచ్చ గది గుర్తొచ్చేది.

స్టేడియాలు తయారై, ఊరంతా జెండాలు కట్టి, ఆటలు రేపో మాపో అనగా నేను వీసా క్యాన్సిల్ పెట్టుకుని ఇంటికి బయలుదేరాను. అంతా అయ్యాక వెళ్ళొచ్చుగా, ప్రపంచ కప్పు చూడవా అని అందరూ అడిగారు. నాకు మా పిల్లని చూడాలని ఉంది. ఎయిర్‌పోర్టుకి నా స్నేహితుడు వచ్చాడు. నా పెట్టె బరువు సరిగ్గానే ఉంది, అయినా బూట్లు తీసి వాడికిచ్చాను.

"నాకెందుకన్నా? నాకింక రెండేండ్ల అగ్రిమెంటు ఉన్నది" అన్నాడు.

"అందుకే నీకు. నువ్వు పోయేటప్పుడు ఎవరికన్నా ఇచ్చిపో" అన్నాను.

వాడు రెండు బూట్ల లేసులూ కలిపి ముడేసి, మెడలో వేసుకుని, క్యాంపు బస్సు ఆగే వైపు నడిచాడు.