సరళా, ఇంకా పదకొండు పేజీలున్నాయి

నిన్న పొద్దున దుర్గాపూర్ నుంచి మా మరిది, సరళ భర్త, ఫోన్ చేసిండు.

"వదినె, సరళ పోయింది."

దేవుడి ముందు దీపం పెడుతున్నాను. అగ్గిపుల్ల వేలిదాకా కాలినా వదల్లేదు.

నా చిన్న చెల్లె. నలభై ఆరేళ్ళు.

హార్ట్ అటాక్. అడగలేక అడుగుతున్న వాళ్ళందరికీ చెప్తున్నాను. నా చెల్లె ఏమీ చేసుకోలేదు.

తొమ్మిదేళ్ళుగా డిప్రెషన్. మందులు వేసుకునేది, ఇల్లు చూసుకునేది. కొన్ని రోజులు మంచం దిగలేకపోయేది. దాచొద్దని తనే అనేది.

సరళ చదివింది మరాఠీ మీడియం. తెలుగు మాట్లాడుతది, చదవరాదు. నేను ఆదిలాబాద్‌లో అమ్మమ్మ దగ్గర ఏడో తరగతి దాకా తెలుగులో చదివాను.

అందుకే రోజూ మూడింటికి, నేనుండే గోండ్‌పిప్రి నుంచి ఫోన్‌లో, అమ్మ పెట్టెలోని పాత నవలలు నేనే చదివి వినిపించేదాన్ని.

అన్నీ హత్యలు, దయ్యాలు, పాడుబడ్డ బంగ్లాలు.

సహస్రనామం చదివే నోటితో ఇవేంది అనిపించేది. మొదట్లో దేవుడి కథలే చదివాను.

"అక్కా, ఆ కథలల్ల అందరు మంచిగైపోతరు. నేనొక్కదాన్నే మిగుల్త" అన్నది.

ఒకసారి కథలో ఒకామె బావిలో శవమై తేలింది. ఆ వారం సరళ అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. నాకు భయమేసింది. ఆమెను బతికించేశాను. పట్నం పోయి టైలరింగ్ షాపు పెట్టుకుందని చదివాను.



సరళ నవ్వింది. ఎన్ని నెలలకో.

"ఏందక్కా, దయ్యాల కథల టైలరింగ్ షాపా? ఉన్నది ఉన్నట్టు చదువు. వేరేటోళ్ళ చీకట్ల కూసుంటే నాది జర తక్కువైతది. నువ్వు లైటేస్తే మళ్ళ నేనొక్కదాన్నే."

ఆ తర్వాత ఒక్క మాట మార్చలేదు.

మొన్న ఒక నవలలో పదకొండు పేజీలు మిగిలాయి.

"చంపిందెవరో చెప్పేసి పో అక్కా" అన్నది.

నాకు భజనకు టైమవుతోంది. రేపు విందువులే అన్నాను.

నిన్నటి నుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. జపమాల పడితే లెక్క తప్పుతోంది. లేస్తున్నాను, వాకిట్లోకి పోతున్నాను, మళ్ళీ వస్తున్నాను.

నిన్న దుర్గాపూర్ చేరాను. మూడింటికి వాళ్ళింటి నిండా జనం. అలవాటుగా నా చెయ్యి ఫోన్ మీదికి పోయి సరళ నంబరు నొక్కింది.

పక్క గదిలో ఆమె ఫోన్ మోగింది.

పెట్టేసే ధైర్యం కూడా చాలలేదు. అదే ఆగిపోయింది.

మనవాళ్ళలో తెలుగు చదవరానోళ్ళకు ఇది ఎవరైనా చదివి వినిపించండి. సరళకు అది ఇష్టం.

ఈ రోజు మూడింటికి ఆమె ఫోటో ముందు కూర్చుంటాను. పదకొండు పేజీలూ చదువుతాను.

ఎవరినీ బతికించను.

పోయిరా చెల్లె. నీ మనసుకు ఇకనైనా నెమ్మది ఇవ్వమని ఆ స్వామిని అడుగుతున్నాను.