ఉత్తరాల ఒనోరినా, మఠాధిపతి దారి

ఇటలీలో కోస్తాల్బారా ఊరి నుంచి కనుమ దాకా ఉన్న నాలుగు కొండపల్లెలకు ఒనోరినా స్ట్రినాతి ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు మోసింది. తోలుసంచీ భుజాన వేసుకుని పొద్దున్నే బయలుదేరితే, నాలుగూ చుట్టి సాయంత్రానికి ఇల్లు చేరేది. మోకాలి లోతు మంచు పడ్డ రోజున కూడా మానలేదు. ఆమె పదవీ విరమణ చేసేనాటికి మూడు పల్లెల్లో పొయ్యి వెలిగించే దిక్కు లేదు. కొందరు బెల్జియం గనులకు, కొందరు లండన్ కాఫీ కొట్లకు వెళ్లిపోయారు. అయినా ఆమె వారానికోసారి ఆ దారి నడుస్తూనే ఉండేది. ముళ్లకంప నరికేది, జారిన రాళ్లు మళ్లీ పేర్చేది.

"ఎవరొస్తారనే ఇదంతా? నక్కలకేమైనా ఉత్తరాలొచ్చాయా?" అని పొరుగింటి దెల్మో వేళాకోళమాడేవాడు.

"నక్కలే నయం. పింఛను రాలేదా, పింఛను రాలేదా అని నీలా ప్రాణం తీయవు."

ఒక వసంతంలో పార్మా నగరం నుంచి లవీనియా అనే చరిత్ర పంతులమ్మ వచ్చింది. వెయ్యేళ్ల కిందట ఎర్మెనాల్దో అనే మఠాధిపతి రోముకు పోతూ ఈ కొండలు దాటాడట. ఆయన నడిచిన దారిని గుర్తుపట్టి, యాత్రికులకు తెరవాలని ఒక కమిటీ పూనుకుంది. పాత తోలుకాగితంలో ఉన్నది ఒక్క ముక్క: మూడు నీళ్లు కలిసేచోట మఠాధిపతి ఆగాడు, గొర్రెలు కాసే ఆడమనిషి ఒకామె రొట్టె పెట్టింది. ఆ చోటు ఏ పటంలోనూ లేదు. దెల్మో ఆమెను తిన్నగా ఒనోరినా ఇంటికి తీసుకొచ్చాడు.

"మూడు నీళ్లా? పియాన్‌ఫోస్కో కింద ఉన్నాయి. పద అమ్మాయ్, ఆ బూట్లు మాత్రం మార్చుకో."

ఖాళీ అయిన మూడు పల్లెల్లో ఒకటైన పియాన్‌ఫోస్కోకు మధ్యాహ్నానికి చేరారు. పైకప్పులు కూలి, గోడల మధ్య చెట్లు మొలిచాయి. కిందుగా మూడు వాగులు ఒకటవుతున్నాయి. లవీనియా కళ్లు మెరిశాయి.

"ఇక్కడే బోర్డు పెడదామండీ. మఠాధిపతి ఎర్మెనాల్దో ఇక్కడ ఆగారు అని."

"మరి ఊరి పేరు?"

"ఊరే లేదు కదండీ. ఇది మఠాధిపతి దారి. కనిపించిన పేరల్లా రాస్తే కమిటీ ఒప్పుకోదు."

తినడానికని జున్ను కోస్తున్న ఒనోరినా అది ఆపి, కత్తి తుడిచి మూటలో పెట్టింది. "అయితే మిగతా దారి మీ తోలుకాగితాన్నే అడగండి" అని లేచి వెనుదిరిగింది.

లవీనియా ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని రెండు రోజులు సొంతంగా వెతికింది. ఒకసారి కొండచరియ అంచున తేలారు, ఒకసారి బయలుదేరిన చోటికే వచ్చారు. మూడోరోజు చేతుల నిండా ముళ్లగీతలతో వచ్చి ఒనోరినా గడప మీద కూలబడింది. ఒనోరినా గుడ్డ తడిపి ఆ చేతులు తుడిచింది.

"ఆ ఊరంటే మీకెందుకండీ అంత పంతం?"

ఒనోరినా గుడ్డ పిండి గడప పక్కన ఆరేసింది.

"అక్కడ ఆర్జియా అని ఉండేది. ఒక్కడే కొడుకు, బెల్జియంలో బొగ్గు గని పని. ఒక అక్టోబరులో చావు కబురు మోసే నల్ల అంచు కవరొచ్చింది. పట్టుకుని వెళ్లేసరికి వాడికి మేజోళ్లు అల్లుతోంది. ఇవ్వలేకపోయా. మర్నాడూ చేతులు రాలేదు. మూడోనాడు ఆవిడే అడిగింది: 'ఏమే, మూడ్రోజుల్నుంచి నా మొహం చూడట్లేదు. ఆ సంచీలో నాకేముంది?' అని. ఇచ్చా. చదవడం రాదు, నువ్వే చదువంది. చదివా."

"తర్వాత?"

"మూడ్రోజులు దాచావేమే అని ఒక్క మాట అన్లేదు. రొట్టె కోసి చేతిలో పెట్టి, 'తిను, ఇంకా ఊళ్లు తిరగాలి' అంది. ఆ ముద్ద ఎట్లా మింగానో నాకే తెలీదు." లవీనియా కేసి తిరిగింది. "మీ మఠాధిపతికి రొట్టె పెట్టినావిడ పేరేంటి? రాశారా?"

"లేదండీ."

"చూశావా మరి."

లవీనియా తల దించుకుంది. కమిటీతో ఆమె ఎనిమిది నెలలు పోట్లాడింది. చివరికి మఠాధిపతి పేరు కింద ఊరి పేరూ, దాని కింద ఒక్కో ఇంటివాళ్ల పేరూ చెక్కడానికి ఒప్పుకున్నారు. ఏ గుమ్మం ఎవరిదో ఒనోరినా ఒక్కొక్కటే చెప్పి రాయించింది, మిగతా దారీ చూపించింది. జూన్‌లో దారి తెరిచిన రోజున పాదరీగారు మఠాధిపతి కోసం ప్రార్థన చేశారు. ఆ తర్వాత ఒనోరినా బోర్డు ముందు నిలబడి, గుమ్మం గుమ్మానికీ ఉత్తరం ఇస్తున్నట్టు ఆ పేర్లన్నీ పైకి చదివింది. ఆర్జియా పేరు మాత్రం రెండుసార్లు చదివింది. నీళ్లు తాగి మిగతావి పూర్తిచేసింది.

నాలుగు వేసవులు యాత్రికులకు తోడు నడిచింది. తర్వాత మోకాళ్లు ఒప్పుకోలేదు. ఇంటి ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయే వాళ్లకు మలుపులు చెబుతూ మూడేళ్లు గడిపి, ఒక ఫిబ్రవరిలో కన్నుమూసింది. మంచుకు రోడ్డు మూసుకుపోతే లవీనియా కింది ఊళ్లో కారు వదిలేసి, ఒనోరినా చూపిన పాత దారిన నాలుగు గంటలు నడిచి వచ్చింది. అప్పటికే శవపేటిక చర్చి మెట్ల దగ్గరికి చేరింది.

"నడిచే వచ్చావా పంతులమ్మా? ఒక్కదానివే?" అన్నాడు దెల్మో.

"ఒక్కదాన్నే."

పేటిక మోస్తున్న దెల్మో కాస్త పక్కకు జరిగి, ఆమెకూ భుజం పెట్టడానికి చోటిచ్చాడు.