బోరు మోటర్ బొమ్మ

ఈ రోజు మేడ్చల్‌లో మా ఇంజినీరింగ్ కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శన. నా స్టూడెంట్ నసీమా సీ ప్లస్ ప్లస్‌లో ప్రోగ్రాం రాసి, బొమ్మలు గీసే రెడీమేడ్ గ్రాఫిక్స్ లైబ్రరీ ఫైలు కలుపుకొని, కంప్యూటర్ తెర మీద బోరు నీళ్లు మడిలోకి పారే బొమ్మ చేసింది. చూడ్డానికి వాళ్ల నాన్న పొలం పని మానుకొని రావల్కోల్ నుంచి వచ్చారు. తీరా చూస్తే ల్యాబ్ కంప్యూటర్‌లో అది తెరుచుకోలేదు. ఏదో ఫైలు లేదని తెర మీద వచ్చింది.

"నిన్న గిదే సిస్టంల మంచిగ నడిచింది సార్," అంది నసీమా.

"ముందే చూసుకోవాలి కదమ్మా!" అని అందరి ముందూ కసిరాను.

వాళ్ల నాన్నే ఆమె భుజం తట్టి, "పోనియ్ బేటా, మన బోరు మోటర్ గూడ ఒక్కోపారి స్టార్ట్ కాదు," అన్నారు.

వాళ్లు వెళ్లిపోయాక గుర్తొచ్చింది. అతిథులొస్తున్నారని పొద్దున ఆ కంప్యూటర్ శుభ్రం చేస్తూ, నాకు తెలియని ఫైళ్లన్నీ వైరస్ అనుకొని తీసేసింది నేనే. లైబ్రరీ ఫైలు వాటిలోనే ఉంది. తిరిగి పెట్టగానే తెర మీద నీళ్లు పారాయి. చూసింది నేనొక్కడినే.

నసీమాకు రేపు క్లాసులో అందరి ముందే సారీ చెప్తాను. వాళ్ల నాన్న కోసం మాత్రం ల్యాప్‌టాప్ పట్టుకొని రావల్కోల్ వెళ్లాలి. మీరెవరైనా తోడొస్తారా? ఆయన ఒక్క మాట కూడా అనరు, కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు. నా భయమంతా ఆ చాయ్ గురించే.