జయకృష్ణ గారి రివర్స్ థ్రస్ట్

పటమటలోని మాణిక్యమ్మ ఎన్‌క్లేవ్ రెండో అంతస్తులో బసవయ్య గారు తలకు కుంకుడు రసం పట్టించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎడం చేత్తో కుళాయి తిప్పారు. కుళాయి ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. పక్కనున్నది తిప్పారు. అది దగ్గనైనా దగ్గలేదు. కళ్లు తెరవడానికి లేదు, తలుపు తెరవడానికి అంతకన్నా లేదు. గోడలోంచి మాత్రం మోటరు తిరుగుతున్న మోత చక్కగా వినిపిస్తోంది. నీళ్లు ఎక్కుతున్నాయి, ఇదిగో ఇప్పుడొస్తాయి అనుకుంటూ ఆయన స్టూలు మీద కూర్చున్నారు. మోత ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. చివరికి వాళ్లావిడ వెంకటరత్నమ్మ గారు ఫ్రిజ్‌లో ఉన్న సీసాలన్నీ తెచ్చి తలుపు సందులోంచి ఒక్కొక్కటే అందించారు. కార్తీక మాసం. ఫ్రిజ్ నీళ్లకు కుంకుడు రసం పూర్తిగా వదలదని ఆ ఇంట్లో ఆ రోజే తెలిసింది.

అదే సమయంలో ఆయన నెత్తి మీద, అంటే మూడో అంతస్తులో, జయకృష్ణ గారు నూట ఎనభై మంది ప్రయాణికులతో గన్నవరంలో క్షేమంగా దిగి చెమట తుడుచుకుంటున్నారు.

జయకృష్ణ గారికి యాభై దాటాయి. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తారు. ఎవరి మీదా గొంతు ఎత్తి ఎరగరు. కూరలమ్మి పుచ్చు వంకాయలు ఏరి మరీ సంచిలో వేస్తుంటే చూసి కూడా, ఇంటికొచ్చాక భార్య ఉషశ్రీ గారితో "చూశానే, ఏమనుకుంటుందోనని ఊరుకున్నా" అనే మనిషి. అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి సెక్రటరీ అయింది కూడా ఇలాంటి మొహమాటంతోనే. ఆ మీటింగుకు కుర్చీలు చాలక ఆయన గోడవారగా నిలబడ్డారు. "సెక్రటరీ పదవికి జయకృష్ణ గారు నిలబడ్డారు" అని బసవయ్య గారు ప్రకటించారు. "కుర్చీ లేకండీ" అనే మాట ఈయన నోట్లో తయారయ్యే లోపల చప్పట్లు కూడా అయిపోయాయి.

ఆయన విమానం ఎక్కింది జీవితంలో ఒక్కసారి. రెక్క పక్క సీటు. గన్నవరంలో చక్రాలు నేలకు తగలగానే ఇంజిను వెనక భాగం తలుపులా తెరుచుకుని, విమానం అంతా ఒక్కసారి గర్జించింది. పక్కాయన దండం పెట్టుకున్నాడు. ఏమైందమ్మా అని ఈయన ఎయిర్ హోస్టెస్‌ని అడిగితే, "స్లో అవుతున్నాం సార్" అంది ఆ అమ్మాయి. నెమ్మదించడానికి అంత అరవడమేమిటన్నది ఆయనకు అంతుపట్టలేదు. అది తెలుసుకుందామనే కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్ పెట్టించుకున్నారు. అప్పటినుంచి ఆఫీసు నుంచి రాగానే, సెలవైతే పొద్దున్నే, వెనక గదిలో దూరి తలుపు వేసుకోవడం. అడిగినవాళ్లకి ఆఫీసు పని ఇంటికి తెచ్చుకున్నానని చెప్పడం.

మొదట్లో సిమ్యులేటర్‌లో రివర్స్ థ్రస్ట్ అంటే కారు రివర్స్ లాంటిదే అనుకున్నారు. విమానం ఆగాక వెనక్కి వెళ్లడానికి కాబోలని దాని జోలికి పోకుండా బ్రేకులే తొక్కేవారు. దిగడమే సగం రన్‌వే దాటాక దిగేవారు కాబట్టి, ఆ రోజుల్లో ఆయన విమానాలన్నీ గన్నవరం చేలల్లోకి పోయి వరి మధ్య ఆగేవి. తర్వాత ఎవరిదో వీడియో చూసి నేర్చుకున్నారు. చక్రాలు ఆనగానే ఇంజిన్ల వేగం పెంచే రెండు లీవర్లూ పూర్తిగా వెనక్కి తెచ్చి, అక్కడితో ఆపకుండా ఎత్తి ఇంకా వెనక్కి లాగాలి. అప్పుడు ఇంజిను తలుపులు తెరుచుకుని, వెనక్కి పోయే గాలి ముందుకు మళ్లుతుంది. అదే పట్టి ఆపుతుంది. ఇంజిను మాత్రం ఎగిరేటప్పుడు అరిచినట్టే అరుస్తుంది. ఈ సంగతి తెలిసినప్పటినుంచి ఆయనకు ఎగరడం మీద ఆసక్తి పోయింది. సిమ్యులేటర్‌లో ఒక మీట నొక్కితే దిగిన విమానం మళ్లీ కృష్ణా నది మీద గాల్లోకి వచ్చి నిలుస్తుంది. దిగడం, లాగడం, గర్జించడం. మళ్లీ మీట నొక్కడం. పగలంతా "అలాగేనండీ, చూద్దామండీ" అన్న మనిషికి సాయంత్రం ఆ గర్జన లేకపోతే అన్నం సయించేది కాదు.

ఉషశ్రీ గారికి ఇబ్బంది కాకూడదని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు. ఒళ్లు అదరడం కోసం మాత్రం పాత హోమ్ థియేటర్ వూఫర్ ఒకటి కుర్చీ కింద గోడకు ఆనించారు. ఆ గోడ వెనకే అన్ని అంతస్తుల బాత్రూములకూ నీళ్ల పైపులు దిగుతాయి. బిల్డర్‌కి ఆ సంగతి తెలుసు గానీ, ఫ్లాట్లు అమ్మాక ఆయన ఇటు రాలేదు.

ట్యాంకులో నీళ్లు తగ్గితే ఎవరో ఒకరు వాచ్‌మన్ మదార్ సాహెబ్‌కి ఫోన్ చేస్తారు, అతను మోటరు వేస్తాడు. ఇదీ అక్కడి పద్ధతి. గోడలో మోటరు మోగుతూనే ఉంటే ఫోన్ ఎవరు చేస్తారు?

బసవయ్య గారి తలంటు రోజు సాయంత్రం సెల్లార్‌లో అందరూ చేరారు. బసవయ్య గారు ఉయ్యూరులో ముప్పై ఏళ్లు రైస్‌మిల్లు నడిపిన మనిషి. మోత విని మోటరు జాతకం చెప్పగలనంటారు.

"పొద్దున మోటరు నడిచింది. నా చెవులతో విన్నా. ఆగి ఆగి నడిచింది. ట్యాంకులో మాత్రం చుక్క లేదు. మరి నీళ్లెటు పోయినయ్?" అని పక్కన కొత్తగా కడుతున్న బిల్డింగ్ వైపు చూశారు. అందరూ అటు చూశారు.

"నేనసలు మోటరే వెయ్యలా సార్" అన్నాడు మదార్ సాహెబ్.

"అందరం విన్నాంగదయ్యా. ఏమండీ సెక్రటరీ గారూ, మీకు వినపడిందా లేదా?"

హెడ్‌ఫోన్లలో ఉన్న జయకృష్ణ గారికి ఏమీ వినపడలేదు. కానీ ఇరవై మంది మొహాలు ఆయన వైపే ఉన్నాయి. "ఏదో... వినపడినట్టే ఉందండీ" అన్నారు.

"ఇంకేం. సెక్రటరీ గారే విన్నారు." పక్క సైటుకు నీళ్లు అమ్ముకుంటున్న వాచ్‌మన్‌ని వచ్చే ఆదివారం పంపించేయాలని, మెట్ల కింద గది ఖాళీ చేయించాలని, ఆ మాట సెక్రటరీ గారే చెప్పాలని తీర్మానమైపోయింది. మదార్ సాహెబ్ జయకృష్ణ గారి వైపు ఒకసారి చూసి, కుర్చీలు ఎత్తడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఆయన గన్నవరంలో దిగుతుండగా ఉషశ్రీ గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి భుజం తట్టారు.

"మోటరు వేశారండీ. నీళ్లు మాత్రం రావట్లా."

ఆయన హెడ్‌ఫోన్లు తీశారు. "ఎప్పుడు?"

"ఇప్పుడే. ఆగిపోయింది."

జయకృష్ణ గారు తెర వైపు చూశారు. విమానం కూడా ఇప్పుడే ఆగింది. "నువ్వెళ్లి బాత్రూములో నిలబడు" అని, మళ్లీ దిగి, లీవర్లు లాగారు.

"మోత వచ్చింది" అని లోపలినుంచి కేక.

వదిలేశారు.

"పోయింది."

ఆయన వంగి, కుర్చీ కింద గోడకు ఆనించిన వూఫర్ వైపు చూశారు. ఉషశ్రీ గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"వెళ్లి చెప్పేయండి."

"ఏమని? యాభై ఏళ్లవాణ్ణి, తలుపేసుకుని విమానం నడుపుతున్నాననా?"

"నడపట్లేదేంటి?"

"అది కాదే. నిన్న విన్నానన్నాను. ఇప్పుడు వినలేదంటే అబద్ధమాడానంటారు. మోత నాదే అంటే, నీది పెట్టుకుని మదార్‌ని ఇరికించావేమయ్యా అంటారు."

"ఇరికించారుగా."

ఆయన వూఫర్ తీగ పీకేశారు. సమస్య పోయిందనుకున్నారు. తీగ పీకినా లీవర్లు వెనక్కి లాగడానికి చెయ్యి రాలేదు. విమానం మళ్లీ వరి చేలల్లోకి పోయింది. ఇటు గోడలోని మోత కూడా ఆగిపోయింది. అది ఆగడంతో అసలు చిక్కు వచ్చిపడింది. "చూశారా," అన్నారు బసవయ్య గారు లిఫ్ట్ దగ్గర, "నిలదీసేసరికి ఆపేశాడు. ఇంతకన్నా రుజువేం కావాలి?" మోగితే మదార్ తప్పు. మోగకపోయినా మదార్ తప్పే. జయకృష్ణ గారు "చూద్దామండీ" అని మెట్ల దారి పట్టారు. మెట్ల కింద గది ముందు మదార్ భార్య జమాల్ బీ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. ఆయన వెనక్కి తిరిగి లిఫ్టే ఎక్కారు.

అందులో మదార్ సాహెబ్ ఉన్నాడు. తలుపు మూసుకుంది.

"సార్, ఒక మాట. మీకు నిజంగా వినపడిందా?"

"అంటే మదార్ భాయ్... వినపడటమంటే..."

"మీరు అబద్ధం చెప్పరు సార్. అందుకే నాకే డౌటొస్తంది. వేసి మర్చిపోయానేమోనని. నీకు వయసైపోయిందిలే, గుర్తుండట్లా అంటంది మా ఆవిడ." అతను నవ్వబోయాడు. "రాత్రిళ్లు లేచి ఆ బటన్ చూసొస్తన్నా సార్, నా చేత్తో నేనే నొక్కానా అని."

మూడో అంతస్తు వచ్చింది. జయకృష్ణ గారికి దిగాలని గుర్తు రాలేదు. లిఫ్ట్ ఆయన్ని మళ్లీ కిందికి తీసుకెళ్లింది.

ఆదివారం సాయంత్రం కమిటీవాళ్లు ఆయన ఇంటికే వచ్చారు. బసవయ్య గారు సోఫాలో మధ్యన కూర్చున్నారు. మదార్ సాహెబ్ చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఉషశ్రీ గారు అందరికీ టీలు ఇచ్చి, అతనికీ ఇచ్చి, భర్త వైపు చూశారు.

"కానీండి సెక్రటరీ గారూ. చెప్పాల్సింది చెప్పేస్తే అయిపోతుంది."

"ఒక్క నిమిషం" అని జయకృష్ణ గారు లేచి వెనక గదిలోకి వెళ్లారు. ఈయన మాత్ర వేసుకోవడానికి వెళ్లారనుకున్నారు అందరూ. ఆయన వంగి వూఫర్ తీగ తగిలించి, కుర్చీలో కూర్చున్నారు. తలుపు వేయలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. తెర మీద కృష్ణ, ఊరు, దూరంగా సన్నటి గీతలా రన్‌వే.

విమానం నేల తాకేదాకా, తాకిన తర్వాత కూడా ఒక క్షణం, మనసు మార్చుకోవచ్చు. మళ్లీ లేచి ఒక చుట్టు తిరిగి రావచ్చు. ఆయన ఇన్నేళ్లూ చేసిందదే. ఎక్కడా ఆనకుండా చుట్లు తిరిగారు. కానీ రివర్స్ లాగాక ఇక లేవకూడదు. ఆగి తీరాలి. అది ఆ విద్యలో మొదటి నియమం.

"ఏంటండీ అది?" గుమ్మంలో బసవయ్య గారు, ఆయన వెనక మిగతావాళ్లు.

"గన్నవరమండీ" అన్నారు జయకృష్ణ గారు. చక్రాలు ఆనాయి. ఆయన రెండు లీవర్లూ ఎత్తి, ఎంత వస్తే అంతా లాగారు.

గది గర్జించింది. అలమరలో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. బసవయ్య గారి జేబులో ఫోన్ కూడా మోగింది. ఆయన ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతారు.

"ఏమండీ," వెంకటరత్నమ్మ గారి గొంతు, "మళ్లీ మోటరు వేశాడు చూడండి. గోడంతా మోగుతోంది. ఆ మదార్ కింద స్విచ్ దగ్గరే ఉంటాడు, వెళ్లి పట్టుకోండి."

"నేనిక్కడే ఉన్నానమ్మా," అన్నాడు మదార్ సాహెబ్ గుమ్మంలోంచి, "టీ తాగుతున్నా."

విమానం ఆగింది, మోత ఆగింది. "ఆఁ, ఆపేశాడు" అంది ఫోన్. బసవయ్య గారు దాన్ని నొక్కేశారు.

జయకృష్ణ గారు కుర్చీలో వెనక్కి తిరిగారు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ రోజు నేనేమీ వినలేదండీ. విన్నానన్నాను. ఈ మోత నాదే, మొదటినుంచీ. మదార్ భాయ్ ఎక్కడికీ వెళ్లడు." ఆయన తన జీవితంలో వరసగా ఇన్ని వాక్యాలు "చూద్దామండీ" లేకుండా ముగించడం ఉషశ్రీ గారు చూడటం అదే మొదలు.

మదార్ సాహెబ్ గ్లాసు కింద పెట్టాడు. "ఇంకోసారి లాగండి సార్" అన్నాడు.

లాగారు. అతను కళ్లు మూసుకుని, గోడకు చెయ్యి ఆనించి, మోత మొత్తం అయ్యేదాకా విన్నాడు. తర్వాత "మా ఆవిడకి చెప్పొస్తా, గిన్నెలు బయటికి తీస్తది" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మిగతావాళ్లు ఒక్కొక్కరే తెర దగ్గరికి జరిగారు. బసవయ్య గారు మాత్రం కదల్లేదు. ముప్పై ఏళ్ల మిల్లు అనుభవం ఆయన మొహంలో ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది. చివరికి గొంతు సవరించుకున్నారు.

"అంతా బానే ఉందండీ. రేపట్నుంచి గోడలో మోత వినపడితే, అది మన మోటరో మీ విమానమో మాకెట్లా తెలిసేది?"

"నీళ్లొస్తే మోటరండీ" అన్నారు జయకృష్ణ గారు.