సుందరి ఇంటి కప్పు

మా పక్కింటి సుందరి పొట్టెక్కలు తినని మనిషి మా ఊళ్ళో లేరు. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెట్టడం మా వైపు అందరికీ వచ్చు. అయినా తెల్లారేసరికి అల్లవరం రోడ్డు మీద ఆటోవాళ్ళు ఆగేది ఆవిడ గుమ్మం ముందే. మొగుడు పోయాక ఆ ఒక్క పొయ్యి మీదే బతుకుతోంది. ఆ పొయ్యి ఉన్నదేమో తాటాకింట్లో. లోపల కూర్చుని తలెత్తితే కప్పులోంచి ఆకాశం కనిపిస్తుంది.

ఈ ఏడు రోహిణి కార్తెలోనే తాటాకు కొట్టించి, పెరట్లో దొంతి పెట్టి, పైన బరువులెట్టి సిద్ధం చేసుకుంది. కప్పు నేసే బంగారరాజు గురువారం వస్తానన్నాడు. వానల ముందు ఆయన కోసం ఊళ్ళకి ఊళ్ళు కాసుకుని ఉంటాయి. వంతు తప్పిందా, అందరి ఇళ్ళూ అయ్యాకే మళ్ళీ మన గుమ్మం తొక్కుతాడు.

అంతా సవ్యంగా ఉండగా సోమవారం పొద్దున్న సినిమావాళ్ళ కారొకటి వచ్చి ఆగింది. ఎవరో కనుక్కుందామని చేతిలో చీపురుతోనే వెళ్ళేను. టోపీ పెట్టుకున్న మేనేజరొకాయన సుందరి కప్పు వంక గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. సినిమాలో హీరో పుట్టిన ఇల్లు ఇదేనట. ఇంత బాగా పాడైన ఇల్లు కోనసీమంతా తిరిగినా దొరకలేదట. శుక్రవారం షూటింగు, అంతవరకు కప్పు మీద పుల్ల కూడా కదపొద్దన్నాడు. వద్దు వద్దని నేను కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాను. సుందరి "ఆయ్, అలాగేనండి" అనేసింది. ఈ మనిషితో వచ్చిన చిక్కే అది. ఎవరేమడిగినా ముందు ఆయ్ అంటుంది, ఆనక ఆ మాటకి కట్టుబడి చస్తుంది.

మంగళవారం నిప్పులు చెరిగే ఎండ, సాయంత్రానికి మబ్బు. బుధవారం గాలి, నాలుగు చినుకులు, మళ్ళీ ఎండ. మిరపకాయల చాపలు బయటికీ లోపలికీ మోసి వీధిలో ఆడవాళ్ళందరికీ నడుములు పడిపోయేయి. సినిమా కబుర్లూ అలాగే ఏడిచేయి. మా మనవరాలు గాయత్రి ఫోన్లో చూసి చెప్పేది. పొద్దున్న హీరోకి జ్వరమట, మధ్యాహ్నానికి తగ్గిందట, దీపాలవేళకి హీరోయినే మారిపోయిందట. వినకుండా ఉండలేను, వింటే ఒళ్ళు మండుతుంది.

గురువారం బంగారరాజు నిచ్చెనతో వచ్చేడు. మేనేజరు ఫోనెత్తడం లేదు, ఎక్కనివ్వవే తల్లీ అని బతిమాలేను. "మాటిచ్చేను కదండీ పిన్నిగారూ" అంది. బంగారరాజు పాపం రెండుసార్లడిగేడు. "వంతు పోద్దండి మరి" అని నిచ్చెన భుజానేసుకుని పోయేడు. ఇంక దాని మొహం చూడకూడదనుకున్నాను గానీ, మేనేజరు ఫోను చేశాడో లేదో తెలుసుకోవాలి కదా, సాయంత్రం నేనే వెళ్ళేను.

శుక్రవారం ఎవరూ రాలేదు. మర్నాడు వస్తామని కబురొచ్చింది. ఆ మర్నాడు వచ్చింది గాలివాన. చూరు నుంచి కాదు, కప్పు నడిమధ్య నుంచి ధార కట్టింది. మేం పిండి గిన్నెలు మా ఇంటికి మోసుకొచ్చేలోపు పొయ్యి వెనక మట్టిగోడ జారి, పొయ్యి మీద కూలబడింది. సుందరి ఆ మట్టి వంక చూస్తూ నిలబడింది. "ఇంక రేపట్నుంచి ఏం చేసుకుని బతకనండీ" అంది. దాచుకున్న తిట్లన్నీ పక్కన పెట్టి, బంగారరాజు ఏ ఊళ్ళో నేస్తున్నాడో కనుక్కొచ్చేను.

ఆదివారం తెల్లారగానే ఇద్దరం ఉప్పలగుప్తం వెళ్ళేం. బంగారరాజు అక్కడే ఉన్నాడు గానీ, వంతు మార్చడం ఆయన చేతిలో లేదు. వంతు ఎవరిదో ఆ ఇల్లాలు వదులుకోవాలి. ఆ రోజు వంతు దీనమ్మగారిది. మా కథంతా విని ముందు కడుపుబ్బ నవ్వింది. సినిమా కోసం వానకి ఎదురెళ్ళినదాన్ని ఇంతవరకు ఎక్కడా చూళ్ళేదంది. తర్వాత తన కప్పు వంకోసారి చూసుకుని, "పొయ్యి తడిసిన ఇల్లు ముందు, ఈ రోజు నా వంతు మీరు తీసుకోండి" అంది.

బంగారరాజు సగం కప్పు ఊడదీశాడో లేదో కారు వచ్చింది. మేనేజరు నెత్తిన చేతులెట్టుకున్నాడు. ఆగమన్నాను కదమ్మా అన్నాడు.

"కప్పు ఆపేనండి. వాన నా మాట వినలేదు" అంది సుందరి.

మిగిలిన సగమైనా ఉంచమన్నాడు. హీరో దారిలో ఉన్నాడట, సాయంత్రం దాకా పని ఆపితే చాలట. సుందరి నోరు తెరిచింది. ఆయ్ అనేస్తుందేమోనని వెనకనుంచి చెంగు పట్టి లాగేను.

"ఈ రోజు నాది కాదండి, దీనమ్మగారిది. ఆపాలంటే ఉప్పలగుప్తం వెళ్ళి ఆవిణ్ణి అడిగి రండి" అంది.

ఆయన మబ్బు వంక చూసి, మా ఇద్దరి వంకా చూసి, కారెక్కేడు. కారు ఏ వైపు తిరుగుతుందో చూద్దామని నేను రోడ్డు మీదికి పరిగెత్తేను.

"పిన్నిగారూ, కారు తర్వాత చూద్దురుగాని, ముందు ఆకందించండి" అని కేకేసింది సుందరి.

విసుక్కుంటూనే అందించేను. చినుకు మొదలయ్యేసరికి పొయ్యి ఉన్న మేర కొత్త కప్పు నేయడం అయిపోయింది.